ఆటలను రికార్డు చేయుటను గూర్చి

మా పై తరగతుల బాలురు కొందరు సెలవుదినములలో టెలివిజనుకు ప్లేస్టేషన్ యంత్రమును తగిలించి ఆడుకొనుటయే గాక, ఆ యాటలను కంప్యూటరునందు రికార్డు చేయుచున్నారని తెలిసినప్పుడు ఉపాధ్యాయుల గదిలో పెద్ద చర్చ జరిగెను. ఆట యొక వృథా, దానిని రికార్డు చేసి దాచుట రెండవ వృథా యని కొందరు పెద్దలు తీర్పు చెప్పిరి. మేమును మొదట ఆ పక్షముననే యుంటిమి. ఇప్పుడు లేము. మా అభిప్రాయ మేల మారెనో చదువరులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా విద్యార్థి యొకని యింట ప్లేస్టేషన్ 2 కలదు. తండ్రి కాగితపు మిల్లులో పనిచేయు దినములలో దానిని కొనెను. 2014 లో సిర్పూరు పేపరు మిల్లు మూతపడినప్పుడు ఏ యింట నేమేమి అమ్ముడుపోయెనో కాగజ్‌నగరు వారికి మేము చెప్ప నక్కరలేదు. 2018 లో జె. కె. పేపరు సంస్థవారు మిల్లును చేపట్టువరకు ఆ కుటుంబము బండి నమ్మెను, కుట్టుమిషను నమ్మెను. ఈ యంత్రము మాత్రము మిగిలెను. ప్రేమచేత గాదు, కొనువారు లేకపోవుటచేత ననెను ఆ తండ్రి నవ్వుచు. దానితో కూడ రెండు డిస్కులు మిగిలెను.

ఆ రెండు డిస్కులును సామాన్యమైనవి కావు. ఒకటి ‘హనుమాన్: బాయ్ వారియర్’, రెండవది ‘దేశీ అడ్డా’. రెండును 2009 లో వెలువడినవి. రెండును మన హైదరాబాదు సంస్థలు తయారు చేసినవి. మొదటిదానిని అరోనా టెక్నాలజీస్ వారు చేసిరి. ఇట్టి యంత్రములకొరకు పూర్తిగా భారతదేశముననే రూపొందిన మొదటి యాటగా అది పేరొందెను. దేవుని చేతిమీటలతో ఆడించుట తగదని ఆనాడు కొందరు హిందూమతస్థులు ఆక్షేపించిరి. వారి నొప్పిని మేము తేలికగా జూడము. మన వేదములోని పరిశుద్ధులను గూర్చి యట్టి యాట వచ్చినచో మనకును మనసు చివుక్కుమనును గదా. రెండవది గేమ్‌శాస్త్ర వారిది. అందు కబడ్డీ కలదు, మనవైపు చిర్రగోనె యని పిలుచుకొను గిల్లీదండా కలదు. మన వీధి యాటలు జపానుదేశపు యంత్రమున కెక్కుట యెంత వింత!

ప్లేస్టేషన్ 2 తయారీ 2013 నాటికి నిలిచిపోయెను. డిస్కును చదువు కటకము ఏటేట మందగించును. డిస్కుపై గీతలు పడుచుండును. పుస్తకము చినిగినను మిగిలిన పుటలు చదువవచ్చును. ఆట యట్లు కాదు, యంత్రము పోయిన నాడు ఆట మొత్తము పోవును. కనుక ఎవరో యొకరు ఆడుచుండగా దానిని రికార్డు చేసి యుంచుట వృథా యెట్లగునో మాకు తెలియకున్నది.

ఇక ఖర్చు మాట. వేలకు వేలు పోసి క్యాప్చరు పరికరములు కొనవలెనని బాలురు తలిదండ్రులను పీడించుచున్నారు. అది మేము ఒప్పము. బజారులో సుమారు వెయ్యి రూపాయలకే దొరకు చిన్న పరికరమును కంప్యూటరు యొక్క యు. ఎస్. బి. రంధ్రమున గ్రుచ్చినచో పని జరుగును. అయితే దాని అట్టపెట్టెమీద 4కె యని బంగారు అక్షరములతో నుండును. దానిని నమ్మవచ్చునా? ఈ ప్రశ్నను మేము గణితపు తరగతిలో బాలుర ముందే యుంచితిమి.

నిలువుటద్దమంత టెలివిజనుపై నిండు చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు. హెచ్చించిన 20,73,600. బిందువునకు రెండు బైట్ల చొప్పున, సెకనుకు 60 చిత్రముల చొప్పున లెక్కించిన, సెకనుకు ఇంచుమించు 199 కోట్ల బిట్లు ప్రవహింపవలెను. యు. ఎస్. బి. 2.0 అను ద్వారము కాగితముమీద గూడ సెకనుకు 48 కోట్ల బిట్లకు మించి దాటనీయదు. 199 కోట్లు 48 కోట్ల సందులో నెట్లు దూరును? దూరదు. కనుక పరికరము ప్రతి చిత్రమును నలిపి, చిన్నది చేసి పంపును. 4కె యనునది లోనికి వచ్చు చిత్రమును గూర్చిన మాట. కంప్యూటరుకు చేరునది అంతకు చాల తక్కువ. ఇది అబద్ధమని వ్యాపారి యొప్పుకొనడు. నిజమని మేము ఒప్పుకొనము.

ఇప్పుడు పాత యంత్రమును చూతము. దానినుండి పసుపు తీగలో చిత్రము, తెలుపు ఎరుపు తీగలలో శబ్దము వచ్చును. మనదేశపు పాత టెలివిజను పద్ధతియగు పాల్ ప్రకారము 720 అడ్డము, 576 నిలువు, సెకనుకు 25 చిత్రములు. ఇదే లెక్క వేసిన 16 కోట్ల 60 లక్షల బిట్లకు లోపే తేలును. అనగా ఈ చవుక ద్వారమున పాత యాట నలగకుండ నిండుగా దాటగలదు! తరగతిలో ఈ యంకె తేలినప్పుడు వెనుక బల్లవారు చప్పట్లు కొట్టిరి. గణితమునకు చప్పట్లు మేము అరుదుగా విందుము.

రికార్డు చేయుటకు ఓ. బి. ఎస్. అను ప్రోగ్రాము ఉచితముగా దొరకును. 2012 లో మొదలైనది. పాత యాటలలో చిత్రము అరలు అరలుగా వచ్చుటచేత కదలు బొమ్మల యంచులకు దువ్వెన పండ్లవంటి గీతలు కనబడును. డీఇంటర్లేసింగు అను మీట నొక్కిన పోవును. కంప్యూటరు తెరను చూచి ఆడరాదు. అచ్చట చిత్రము రవంత ఆలస్యముగా వచ్చుటచేత దూకవలసిన చోట ఆటగాడు గోతిలో పడును. తీగను రెండు పాయలు చేసి, ఒకటి టెలివిజనుకు, ఒకటి కంప్యూటరుకు ఇయ్యవలెను. క్రొత్త ప్లేస్టేషన్ 4, 5 లందు హెచ్. డి. సి. పి. యను కావలి కలదు; సెట్టింగులలో దానిని ఆపనిచో నల్లని తెరయే మిగులును. ఆటలకొరకు ఆపుట తయారీదారు లిచ్చిన వెసులుబాటే గాని దొంగతనము కాదు. అట్లని రికార్డును అమ్ముకొనుట తగదు. ఆట చేసినవారి హక్కు చేసినవారిదే.

మా పొరబాటు నొకదానిని ఇచ్చట ఒప్పుకొనవలసి యున్నది. మొదటిసారి ఆ తండ్రియే స్వయముగా ఆడుటకు కూర్చుండెను. చేతులు ఆడించుచునే, మిల్లులో రాత్రి షిఫ్టు ముగించి వచ్చి పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఈ యాట ఎట్లు నేర్చెనో, మిల్లు సైరను ఆగిన మొదటి యుదయము ఇల్లెంత నిశ్శబ్దముగా నుండెనో, తన మాటలలో చెప్పుచు పోయెను. మేము ఆ రికార్డును ఎమ్. పి. 4 రూపమున నుంచితిమి. నలుబది నిమిషములైన పిమ్మట కరెంటు పోయెను. ఎమ్. పి. 4 దస్త్రము చివర సరిగా ముగింపబడనిచో తెరవబడదని మాకు తెలియదు. ఎమ్. కె. వి. రూపమున నుంచి యుండినచో అంతవరకైనది దక్కి యుండెడిది; తరువాత ఒక్క మీటతో దానిని ఎమ్. పి. 4 గా మార్చుకొనవచ్చును. ఈ సంగతి మరునాడు తెలిసికొంటిమి. మరుసటి వారము యంత్రము హనుమంతుని డిస్కును చదువనే లేదు. మూడుసార్లు తుడిచి పెట్టినను చదువలేదు.

అందుచేత రికార్డు చేయు బాలురను మందలించుటకు మా కిప్పుడు నోరు రాదు. మేము వారికి చెప్పునది వేరు. క్రొత్త యాటలను లోకమంతయు రికార్డు చేయుచునే యున్నది. మన యింటి అటకమీది వానిని మనమే చేయవలెను. మాటలు తెలుగున చెప్పుడు. ఓడిన భాగములను కోసివేయకుడు, ఏలయన ఆట యెంత కఠినమో చూచువారికి అచ్చటనే తెలియును. ఎందరు చూచిరను లెక్కను పరీక్ష మార్కులవలె గుండెలకు హత్తుకొనకుడు. దినమునకు ఒక గంట చాలును. మిగిలిన వేళకు పాఠములు కలవు.

ఆ తండ్రి మరల కూర్చుండుటకు ఒప్పుకొనెను, కాని యంత్రము కావలెను. పూర్వ విద్యార్థులలో ఎవరి యింటనైన మంచి కటకముగల ప్లేస్టేషన్ 2 ఉన్నచో ఏదైన శనివారము మధ్యాహ్నము పాఠశాలకు తెచ్చి మా కిప్పింపగోరుచున్నాము. డిస్కు మా బీరువాలో భద్రముగా నున్నది.