ఫాయిదా లేని హవాయీ జహాజ్

మన ఇళ్లలో పిల్లలు ఏ పని మొదలుపెట్టినా ముందుగా ఎదురయ్యే సవాల్ ఒకటే: 'ఇస్ సే ఫాయిదా క్యా?' ట్యూషన్‌తో ఫాయిదా ఉంది. నీట్ కోచింగ్‌తో ఫాయిదా ఉంది. సౌదీలో ఉన్న చాచా పంపిన ఫోన్‌లో పొద్దస్తమానం గేమ్ ఆడితే మాత్రం ఆ సవాల్ ఎవరూ వెయ్యరు. పిల్లవాడు ఇంట్లోనే, కళ్లముందే ఉన్నాడు కదా, అంతే చాలు. అదే పిల్లవాడు చెక్క ముక్కలు, బ్లేడు, గమ్ సీసా ముందేసుకుని కూర్చుంటే ఇంటిల్లిపాదికీ ఫికర్ పట్టుకుంటుంది.

మా ఆపా కొడుకు ఇంటర్ ఫస్టియర్. రెండు మోటార్ల రిమోట్ విమానం కడుతున్నాడు, బాల్సా చెక్కతో. 'నువ్వు పేపర్‌లో పనిచేస్తావు, నీ మాట వింటాడు, కాస్త సమఝాయించు' అని ఆపా ఫోన్ చేసింది. వెళ్లి చూశాను. ఆ బల్ల ముందు రెండు గంటలు కూర్చున్నాక, సమఝాయించాల్సింది వాణ్ణి కాదు, మనల్నే అనిపించింది.

బాల్సా సంగతి ముందు చెప్పాలి. దక్షిణ, మధ్య అమెరికా అడవుల చెట్టు అది. ప్రపంచానికి ఎక్కువగా ఈక్వెడార్ నుంచే వస్తుంది. ఘనమీటరు టేకు 600 కిలోలకు పైనే తూగితే, మోడళ్లకు వాడే బాల్సా 100 నుంచి 200 కిలోల లోపే తూగుతుంది. షీటు చేతిలో పెడితే ఖాళీ అగ్గిపెట్టె పట్టుకున్నట్టు ఉంటుంది. కానీ నిలువు నారలో దానికున్న బలం చూస్తే హైరాన్ అయిపోతాం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు మస్కిటో అనే రెండు ఇంజన్ల యుద్ధవిమానం చేశారు. దాని ఒళ్లంతా చెక్కే. విమానం పొట్ట గోడల్లో రెండు ప్లైవుడ్ పొరల మధ్య పెట్టింది ఈ బాల్సానే. ఇవాళ గాలిమరల పెద్దపెద్ద రెక్కల లోపల కూడా ఇదే వాడుతున్నారు. కాబట్టి 'చెక్క ఖిలోనా' అని ముఖం తిప్పుకోకండి.

ఈ హునర్ మనకు కొత్తదీ కాదు. సంక్రాంతి ముందు ధూల్‌పేటకు వెళ్లి పతంగ్ కట్టే కారీగర్ల చేతులు చూడండి. వెదురు బద్దను సన్నగా చీల్చి, చాకుతో గీకి, నిలువుగా ఠడ్డా, అడ్డంగా కమాన్ పెడతారు. కమాన్ రెండు పక్కలా ఒకేలా వంగాలి. ఒక పక్క పిసరంత మందం ఉన్నా పతంగ్ పైకి పోయాక ఒరిగిపోతుంది. కన్నే కట్టే చోటు అంగుళం జరిగితే మొండికేస్తుంది. మా భాంజా చేసేదీ ఇదే. రెక్కలో ఈ చివర నుంచి ఆ చివర దాకా దూలంలా ఒక కర్ర, దాన్ని స్పార్ అంటారు. దానికి అడ్డంగా రెండు మిల్లీమీటర్ల బాల్సా రిబ్స్, మన పక్కటెముకల్లాగా. పైన పల్చటి కాగితం. అన్నీ అతికించాక విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి తవాజున్ చూస్తాడు. రెక్క ముందు అంచు నుంచి వెనక్కి, వెడల్పులో నాలుగో వంతు దాటాక కాస్త అటూ ఇటూగా నిలబడాలి. తోక వైపు బరువు ఎక్కువైతే ఆ విమానం మొదటిసారి ఎగరడమే ఆఖరిసారి కూడా.

రైట్ సోదరుల అబ్బా మిల్టన్ రైట్ 1878లో పిల్లలకు ఒక బొమ్మ తెచ్చిచ్చాడు. వెదురు, కాగితం, బెండు, ఒక రబ్బరు బ్యాండు, అంతే. అది గాల్లోకి లేచేది. విరిగిపోతే వాళ్లే మళ్లీ కట్టుకున్నారు. 1899లో, విమానానికి నాలుగేళ్ల ముందు, రెక్కను మెలితిప్పితే ఏమవుతుందో చూడటానికి వాళ్లు ముందుగా ఎగరేసింది ఒక పతంగ్‌నే. ఇక మన జల్సాల్లో తఖ్రీర్ చేసేవాళ్లు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ పేరు ఎత్తనిదే దిగరు. తొమ్మిదో శతాబ్దంలో ఖుర్తుబాలో రెక్కలు కట్టుకుని ఎగిరాడని. ఎగిరాడు సరే. దిగేటప్పుడు వీపు దెబ్బతిన్నదని, తోక పెట్టుకోకపోవడమే కారణమని ఆ ఖిస్సా చెప్పిన అల్ మఖ్ఖరీయే రాశాడు. తఖ్రీర్‌లో ఆ తోక ముచ్చట రాదు. గమ్‌తో వేళ్లు అంటుకుపోయిన పిల్లలకు మాత్రం తోక విలువ తెలుసు.

సరే, ఒక మోటార్ చాలదా, రెండెందుకు? నేనూ అదే అడిగాను. వాడి దగ్గర జవాబు ఉంది. వాడు కడుతున్నది డకోటా పోలికలో ఉన్న విమానం. 1945లో నిజాం సర్కారూ టాటా వాళ్లూ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టినప్పుడు బేగంపేట నుంచి ఎగిరినవి రెండు ఇంజన్ల డకోటాలే. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మన శహర్ ఆకాశం మీద తిరిగిన విమానాన్ని తన చేతులతో కట్టాలని వాడి షౌఖ్. ఈ షౌఖ్‌కి ఫాయిదా ఏంటని నన్నడిగితే, ఇది చాలు అంటాను. కానీ ఇంకా ఉంది.

రెండు మోటార్లంటే రెండింతల బలం అనుకుంటాం. నిజానికి చెడిపోయే అవకాశం కూడా రెండింతలు. మోటార్లు రెండూ రెక్కల మీద, మధ్యగీతకు దూరంగా ఉంటాయి. ఎడమది ఆగిపోతే కుడిది ఒక్కటే లాగుతుంది, ముక్కు ఎడమకు తిరిగిపోతుంది. అప్పుడు భయపడి థ్రాటిల్ పెంచితే ఇంకా తిరిగిపోతుంది, రఫ్తార్ పడిపోయిందంటే రెక్క వాలి గిరగిరా తిరుగుతూ కింద పడుతుంది. చెయ్యాల్సింది దానికి ఉల్టా. బతికున్న మోటార్ బలం తగ్గించాలి, ముక్కు కాస్త దించి వేగం నిలుపుకోవాలి, ఎదురుగా ఉన్న మైదానంలోనే దింపాలి. చెయ్యి ఒకటి చేయమంటుంది, అఖల్ ఇంకొకటి చెప్తుంది. పదహారేళ్ల పిల్లవాడు ఆ క్షణంలో అఖల్ మాట వినడం నేర్చుకుంటాడు. ఏ కోచింగ్ సెంటర్‌లో నేర్పుతారు దీన్ని?

హిసాబ్ కూడా చూడండి. మూడు సెల్స్ ఉన్న లైపో బ్యాటరీ, 11.1 వోల్టులు, 2200 మిల్లీయాంప్ అవర్లు. రెండు మోటార్లూ కలిసి పూర్తి జోరులో 30 యాంపియర్లు తాగితే దాదాపు 330 వాట్లు. కిలోంపావు విమానానికి అది హాయిగా సరిపోతుంది. కానీ అదే జోరులో బ్యాటరీ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. సగం జోరులో నడిపి, కొంత చార్జి మిగిలుండగానే దింపాలంటే ఏడెనిమిది నిమిషాలు. టెన్త్ పుస్తకంలోని వోల్టులు, యాంపియర్లు, వాట్లే ఇవి. పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టినప్పుడు వీడికి ఇవి అర్థం కాలేదట. విమానం ఏ నిమిషంలో దింపాలో లెక్క కట్టాల్సి వచ్చినప్పుడు అర్థమయ్యాయి. ఒక ప్రొపెల్లర్ కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరిగేలా పెట్టాడు, ఒకదాని మెలి ఇంకొకటి కొట్టేస్తుందని. ఒక్కో మోటార్‌కి ఒక్కో స్పీడ్ కంట్రోలర్. రెండూ రిసీవర్‌కి కరెంట్ ఇస్తామని పోటీ పడతాయి కాబట్టి, ఒకదాని ప్లగ్‌లోంచి ఎర్ర తీగ తీసి పక్కకు మడిచి టేప్ చుట్టాడు.

నేను చదివింది ఉర్దూ మీడియం. ఆ తర్వాత డిగ్రీ తెలుగులో. ఈ పిల్లవాడు అన్నీ ఇంగ్లిష్ వీడియోల్లో చూసి నేర్చుకున్నాడు. వాడు 'థ్రస్ట్' అంటే నేను ఖువ్వత్ అంటాను, పక్కింటి వాడి దోస్త్ బలం అంటాడు. ముగ్గురం ఒకే మోటార్ గురించి మాట్లాడుకుంటున్నాం. ఈ శహర్‌లోనే 1917లో దారుల్ తర్జుమా పెట్టి సైన్స్ కితాబులు ఉర్దూలోకి తెచ్చారు. డాక్టరీ, ఇంజనీరింగ్ కూడా ఉస్మానియాలో ఉర్దూలోనే చెప్పారు. 'మా పిల్లలకు ఇంగ్లిష్ రాదు, ఇవన్నీ మనకెందుకు' అనే అమ్మీలు, అబ్బాలు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి. గాలికి ఏ జబానూ లేదు.

ఇప్పుడు అసలు ఖౌఫ్ దగ్గరికి వద్దాం. మా బావ మనసులో ఉన్నది ఫాయిదా సవాల్ కాదు. 'తీగలు, బ్యాటరీ, రిమోట్... మన పిల్లవాడి బ్యాగ్‌లో ఇవి కనపడితే ఎవరైనా ఏమనుకుంటారో' అన్నాడు గొంతు తగ్గించి. ఆ మాట కొట్టిపారేయలేను. 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, అహ్మద్ మహమ్మద్ అనే పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇంట్లో చేసిన గడియారాన్ని టీచర్‌కి చూపిద్దామని స్కూల్‌కి తీసుకెళితే చేతులకు బేడీలు వేశారు. తర్వాత ఒబామా వైట్‌హౌస్‌కి దావత్ పిలిచాడు, అది వేరే సంగతి. ఖౌఫ్ ఉంది. కానీ దానికి ఇలాజ్ పిల్లవాడి చేతిలోంచి చెక్క లాక్కోవడం కాదు. దాచిపెట్టి చేసే పనికే షక్ వస్తుంది. కాబట్టి తలుపు తెరిచి చెయ్యనివ్వండి, కాయిదా ప్రకారం చెయ్యనివ్వండి.

కాయిదా ఉంది. 2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చాయి. చదువు కోసం, సరదా కోసం కంటికి కనిపించే దూరంలో ఎగరేసే మోడల్ విమానాలకు అందులో వేరే దర్జా ఇచ్చారు. డిజిటల్ స్కై అనే సర్కారీ నక్షాలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఇలాకాలు గీసి ఉంటాయి. ఎరుపులో, పసుపులో ఇజాజత్ లేకుండా ఎగరేయకూడదు. ఆకుపచ్చలో కూడా 400 అడుగులే హద్దు. వీటికి తోడు పోలీసు కమిషనర్ అప్పుడప్పుడూ నిషేధం ఉత్తర్వులు ఇస్తుంటారు, అవీ చూసుకోవాలి. పహాడీ షరీఫ్ వైపు ఖాళీ జాగా చూసి చాలామంది మనసు పడతారు. అది శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న ఇలాకా. కంచన్‌బాగ్ అంటారా, అక్కడ రక్షణ శాఖ ల్యాబ్‌లు ఉన్నాయి, ఆ చుట్టుపక్కల ఆలోచనే వద్దు. మిద్దె మీద నుంచి అసలే వద్దు. పతంగ్ తెగితే ఎవరి గోడ మీదో వాలుతుంది. కిలోంపావు విమానం పడితే ఎవరి నెత్తి మీదో పడుతుంది, ప్రొపెల్లర్ వేలు తగిలితే వేలు తెగుతుంది.

మరి ఎక్కడ? ఇక్కడే నా గుస్సా అంతా. ఇన్ని లక్షల మంది ఉన్న పాతబస్తీలో పిల్లవాడు పరిగెత్తడానికే మైదానం కరువు, ఇక విమానం మాటెక్కడ! మన కార్పొరేటర్లను నాలా గురించి, డ్రైనేజీ గురించి అడుగుతాం, అడగాల్సిందే. ఊరి బయట ఇజాజత్ ఉన్న ఒక మైదానం, నెలకు రెండు ఆదివారాలు, అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లడానికి ఒక బస్సు. ఇది అడగడానికి మనకెందుకు షరమ్?

కంచన్‌బాగ్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. అక్కడి డీఆర్‌డీఎల్‌కు 1982లో డైరెక్టర్‌గా వచ్చిన అబ్దుల్ కలామ్ చిన్నప్పుడు వాళ్ల నాన్న రామేశ్వరంలో చెక్క పడవ కడుతుంటే పక్కనే నిలబడి చూశాడు. ఎమ్‌ఐటీలో సీటు వస్తే ఫీజు కోసం ఆయన అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. మనవాళ్లు కలామ్ ఫోటో గోడకు తగిలిస్తారు. జొహ్రా పేరు ఎంతమందికి తెలుసు?

ఖర్చు సంగతి దాచను. రిమోట్, మోటార్లు, బ్యాటరీ, చార్జర్ అన్నీ కలిపితే ఓ మామూలు స్మార్ట్‌ఫోన్ ధర అవుతుంది. అందులో పెద్ద వాటా రిమోట్‌దే, అది విమానాలు ఎన్ని విరిగినా ఉంటుంది. తీగలు, కనెక్టర్లు, సోల్డరింగ్ సామాను కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. బ్యాటరీ విషయంలో మాత్రం సఖ్తీగా ఉండండి. లైపోను చార్జింగ్‌కి పెట్టి నిద్రపోకూడదు, ఉబ్బిన దాన్ని వాడకూడదు. ఒకే గదిలో ఐదుగురు పడుకునే ఇళ్లు మనవి, నిప్పు అంటుకుంటే బయటికి దారి ఉండదు. ఇంకోటి, ఎవరూ రెండు మోటార్లతో మొదలుపెట్టకూడదు. మా వాడు ముందు చేత్తో విసిరే గ్లైడర్ చేశాడు, తర్వాత ఒక మోటార్‌ది కట్టి, నాలుగుసార్లు విరగ్గొట్టి, అతికించి, ఇప్పుడు దీనికి వచ్చాడు.

వాడి చెల్లెలి ముచ్చట ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతి. రెక్కల మీద కాగితం ముడత లేకుండా అంటించింది ఆ అమ్మాయే. అమ్మీ దగ్గర కుట్టుపని నేర్చుకున్న చెయ్యి కదా, అన్నకంటే సాఫ్‌గా చేసింది. 'మరి నువ్వెప్పుడు ఎగరేస్తావు?' అని అడిగితే నవ్వి అమ్మీ వైపు చూసింది. అమ్మీ నా వైపు చూసింది. ఆ కాగితం అంటించే చెయ్యి ఎర్ర తీగ కూడా తీయగలదు, రిమోట్ కూడా పట్టగలదు.

మన మొహల్లా స్కూళ్లు నడిపే జనాబ్‌లకు ఒక దర్ఖాస్త్. శనివారం మధ్యాహ్నం ఒక గది ఇవ్వండి. మొదటి రోజుకు మోటార్ అక్కర్లేదు, కరెంట్ అక్కర్లేదు. పల్చటి బాల్సా షీట్లు పది, బ్లేళ్లు, ఇసుక కాగితం, స్కేళ్లు, తెల్ల గమ్ డబ్బా ఒకటి, ముక్కు బరువుకు కాస్త మట్టి. ఇరవై మంది పిల్లలు, పిల్లలంటే అమ్మాయిలు కూడా. సాయంత్రానికి వరండాలో ఇరవై గ్లైడర్లు ఎగురుతాయి, సగం గోడకు కొట్టుకుంటాయి. విరిగిన వాటికి ఆ గమ్ డబ్బా ఉంది.