శస్త్రచికిత్స వాయిదా దైవశాసనమా?



వ్యాధిగ్రస్తమైన బిడ్డ ఉన్న ఇంటికి పరామర్శకై వెళ్లి, ధైర్యానికి బదులు అపరాధభావాన్ని పంచి వచ్చే దురాచారం మనలో ప్రబలుతున్నది. ధర్మం పేరిట సాగుతున్న ఈ అధర్మాన్ని ఖండించుట అర్చకవృత్తిలో ఉన్నవాని విధి.

మా ఆలయానికి నిత్యం వచ్చే ఒక కుటుంబంలో పన్నెండేళ్ల బాలికకు వెన్నెముక పక్కకు వంగిపోయింది. వైద్యులు దీనిని స్కోలియోసిస్ అంటారు. వంపు 50 డిగ్రీలు దాటినందున శస్త్రచికిత్స నిశ్చయమైంది. తొలి తేదీ నాటికి బాలికకు జలుబు, దగ్గు. మలి తేదీ నాటికి ఐసీయూలో పడక లేదు. రెండు మార్లు వాయిదా పడగానే బంధువర్గంలో వ్యాఖ్యాతలు బయలుదేరారు. "ఇది దైవసంకేతం, కత్తి పెట్టించవద్దు" అని ఒకరు. "పూర్వజన్మ పాపం, అనుభవించక తప్పదు" అని మరొకరు. "మీ భక్తిలోనే లోపమున్నది" అని వేరొకరు. కాలసర్పదోషమని చెప్పి వేల రూపాయల శాంతికి జాబితా వ్రాసి ఇచ్చినవారు మా వృత్తిలోనివారే! చివరకు ఆ తండ్రి గర్భాలయం ముందు నిలిచి, "అయ్యగారూ, మేము చేయవలసిన ప్రాయశ్చిత్తం ఇంకా ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు. తప్పు చేయనివానికి ప్రాయశ్చిత్తమేమిటి? ఆ ప్రశ్న అతని నోట పలికించినవారికే ఈ సమాధానం.

మొదట కర్మవాదులకు. కర్మసిద్ధాంతాన్ని నేను కాదనను. కాని కర్మగతి దురవగాహమని గీత చతుర్థాధ్యాయంలో సాక్షాత్తు భగవానుడే సెలవిచ్చాడు. ఆయన గహనమన్నదానిని మీరు వరండాలో కాఫీ త్రాగుతూ నిర్ణయించగలరా? భాగవత దశమస్కంధంలో మూడు వంకరల కుబ్జ మథురావీథిలో శ్రీకృష్ణునికి ఎదురుపడింది. ఏ జన్మలో ఏ పాపం చేశావని స్వామి ఆమెను ప్రశ్నించలేదు. పాదంతో ఆమె పాదాలను అదిమి, రెండు వ్రేళ్లతో చుబుకం ఎత్తి, దేహాన్ని నిటారుగా నిలిపాడు. వంగిన వెన్ను కనబడినప్పుడు భగవంతుడు చేసిన పని అది. మన కర్తవ్యం ఏ దిశలో ఉన్నదో వేరే చెప్పాలా?

ఇక సంకేతవాదులకు. జలుబుతో ఉన్న బిడ్డకు మత్తు ఇస్తే శ్వాసమార్గంలో ఉపద్రవాలు కలిగే అవకాశం హెచ్చు. వెన్ను వంపు తీవ్రమైతే ఊపిరితిత్తులకు చోటు కూడా తగ్గుతుంది. అందుచేత కొన్ని వారాలు ఆగుదామన్నది వైద్యుని వివేకం. దైవానుగ్రహం చూడదలిస్తే ఆ వివేకంలోనే చూడండి. ఇక ఆ పడక మరొక ప్రాణికి దక్కింది. ఆ ప్రాణిలో ఉన్న ఈశ్వరుడు మన బిడ్డపై అలిగినవాడా? వైద్యుడు వేసే వాయిదా వేరు, మనం వేసే వాయిదా వేరు. మొదటిది చికిత్సను సురక్షితం చేయడానికి, రెండవది భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి. ఎదిగే వయస్సులో వెన్ను వంపు మన ముహూర్తాల కోసం ఆగదు, ఎముకతో పాటే పెరుగుతుంది. ఆతురునికి ఉపవాసాది నియమాలను సైతం సడలించిన శాస్త్రాన్ని ఆతురునిపైనే ఆయుధంగా ప్రయోగించడం ఎంతటి అపచారం!

"సర్వం విధిలిఖితం, వైద్యమెందుకు?" అనేవారు చరకసంహిత విమానస్థానం తృతీయాధ్యాయం చూడాలి. ఆయువు నియతమా కాదా అని అగ్నివేశుడు అడుగగా, అది దైవ పురుషకారాలు రెండింటిపైనా ఆధారపడి ఉన్నదని ఆత్రేయుడు వివరించాడు. సర్వమూ నియతమే అయితే ఔషధమే కాదు, మంత్రమూ హోమమూ కూడా నిష్ప్రయోజనమేనని ఆయన తర్కం. అనగా వైద్యాన్ని త్రోసిపుచ్చే వాదం ఆలయాన్ని కూడా త్రోసిపుచ్చుతుంది. శస్త్రకర్మను శాస్త్రంగా బోధించిన సుశ్రుతుని దేశంలో, కత్తి దైవవిరుద్ధమనడం విడ్డూరం.

భక్తిలో లోపమన్నవారికి ఒక్క మాట. తనను భజించే నలుగురు పుణ్యాత్ములలో గీతాచార్యుడు ముందుగా పేర్కొన్నది ఆర్తుని. బిడ్డ కోసం కన్నీటితో చేసే ప్రార్థన తక్కువ భక్తి కాదు. ఆ ఇంట తల్లి సంధ్యాదీపం వెలిగించి, కుమార్తె చేత మూడు బంతుల ఊపిరి సాధనంతో అభ్యాసం చేయిస్తున్నది. ఒక్కొక్క శ్వాసకు ఒక్కొక్క నామం. వైద్యుడు చెప్పిన ఇనుము మాత్రలను నైవేద్యం పెట్టిన పాలు త్రాగకముందే, వేళ తప్పకుండా ఇస్తున్నది. కొత్త తేదీ కోసం ఆసుపత్రికి వారం వారం ఫోను చేస్తున్నది. విశ్వాసమంటే ఇదే. ఫలం ఈశ్వరాధీనమని ఎరిగి, ప్రయత్నంలో లోపం రానీయని స్థితి ఇది.

కావున బంధువులారా, పరామర్శకు వెళితే పాపాల లెక్క తీయకండి. వెన్నెముక శస్త్రచికిత్సకు రక్తం అవసరపడుతుంది, రక్తదానానికి పేరు వ్రాయించండి. ఆసుపత్రిలో ఒక రాత్రి కాపలా ఉండండి. ఇంటనున్న చిన్నవానికి అన్నం పెట్టండి. తోటి అర్చకులారా, గోత్రనామాలతో సంకల్పం చెప్పండి, రోగనిర్ణయం చేయకండి. ఆర్తుల భయంపై దక్షిణ గ్రహించడం దేవద్రవ్యాపహరణంతో సమానమైన దోషం.

ఆ చిన్నారికి, వాయిదా తేదీల మధ్య నలుగుతున్న సమస్త శిశువులకు ధన్వంతరి స్వరూపుడైన శ్రీమన్నారాయణుని రక్ష కలుగుగాక.

స్వస్తి.