వినడం తెలిసిన నేల

శ్రీకాకుళం అని రాస్తే ముందు ‘వెనుకబడిన’ అని చేర్చడం మన పత్రికలకు చేతి అలవాటైపోయింది. అందులో అబద్ధం లేదు. ఉద్దానం కిడ్నీ రోగులు, వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయే మత్స్యకారులు మన కళ్లముందే ఉన్నారు. అయినా ఆ ఒక్క మాటే ఆ నేలకు ఇంటిపేరు కావడం మాకు సమ్మతం కాదు. జనం నోటి మాటను చెవిపెట్టి విని, తరవాత కలం పట్టాలని తెలుగుకి నేర్పిన నేల అది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాష గురించి మాట్లాడతాం. సవర గిరిజనుల ఊసు మాత్రం ఎత్తం. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పదిహేడేళ్లకే పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. చుట్టుపక్కల కొండల్లో సవరలుండేవారు. వాళ్ల భాషకు అప్పటికి లిపి లేదు, చూసి నేర్చుకోవడానికి పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవర ఒకరిని ఇంట్లో పెట్టుకుని, ఆయన పలికింది పలికినట్టు రాసుకుంటూ నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో చెవులు పోయాయి. అంతగా విన్న మనిషికి చెముడు! ఆ చెముడుతోనే దశాబ్దాలపాటు గ్రాంథికవాదులతో వాదించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. నోటి మాటకూ ఒక నియమం ఉంటుందన్న ఆయన నమ్మకంలో ఆ కొండ మనుషుల పాలు చాలా ఉందని మేం అనుకుంటాం. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. డెబ్బై దాటిన వయసులో ఆయన ఊరు విడిచి రాజమండ్రి చేరారు.

ఇక శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు. అక్కడ పత్తిని దువ్వేది వాలుగ చేప దవడతో. అరచేతిలో ఇమిడే ఎముక, దాని నిండా సూదిమొనల్లాంటి సన్నటి పళ్లు. గింజ తీయకముందే పత్తికాయ దూదిని దానిమీద లాగుతారు. నలక రాలిపోతుంది, పోగులన్నీ ఒక వరసకు వస్తాయి. ఆ తరవాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, ఒంటి కదురు రాట్నం మీద వడకడం. వందో నంబరు నూలు అలా వస్తుంది. గాంధీజీ మెచ్చిన ఖద్దరని అందరం చెప్పుకుంటాం గానీ, ఆ దవడ పట్టుకున్న చేయి ఎవరిదని అడగం. ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్లదే. ఈ పనిలో అడుగడుక్కీ వాళ్లకో మాట ఉంది. అందులో ఎన్ని మన నిఘంటువులకెక్కాయి?

శ్రీకాకుళంలోనే 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. కథలకు ఇల్లు దొరికింది. అచ్చెక్కని మాటలకు ఇంకా దొరకలేదు.

అందుకే వచ్చే సంచిక నుంచి నాలుగు పేజీలు వాటికే కేటాయిస్తున్నాం. రాట్నం దగ్గరవి, వల దగ్గరవి, కొండపోడువి, ఏ పనివైనా సరే. పాఠకుల్లో ఆ ఊళ్లవాళ్లుంటే మీ అమ్మమ్మ పక్కన ఓ పూట కూర్చుని, ఆమె అన్నది అన్నట్టే రాసి పంపండి. యాస దిద్దకండి, మేమూ దిద్దం.