అప్పనపల్లి పిల్లలకు ఏ సినిమా చూపిద్దాం?

కోనసీమలో వైనతేయ నది ఒడ్డున ఉన్న అప్పనపల్లి పేరెత్తగానే ఎవరికైనా బాలబాలాజీ గుడి గుర్తొస్తుంది. కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి చొరవతో వెలసిన ఆ గుడికి వచ్చే యాత్రికులు కొబ్బరితోటల అందం చూసి మురిసి వెళ్తారు. ఆ తోటల మధ్య పెరిగే పిల్లలకు తెలియాల్సిన కథ మరొకటుంది. 1995 జనవరి 8న, ఇదే మామిడికుదురు మండలంలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బద్దలై 65 రోజుల పాటు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గోదావరికి పెద్ద వరద వచ్చిందంటే అప్పనపల్లి కాజ్‌వే మునుగుతుంది, లంక ఊళ్లకు పడవే గతి అవుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు చూసిన కష్టం ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు పాశర్లపూడి మంట నాటికి పుట్టలేదు. నగరం పేలుడు నాటికి చిన్నపిల్లలు. ఇవన్నీ వాళ్లకు అమ్మమ్మలు చెప్పగా విన్న మాటలు. పాఠ్యపుస్తకంలో మాత్రం ఓజోన్ పొర ఉంది, అమెజాన్ అడవి ఉంది.

మన దగ్గర పర్యావరణ విద్యకు చోటు లేక కాదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో పర్యావరణ విద్య, నైతికత–మానవ విలువలు అనే రెండు అర్హత పరీక్షలు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. పాసవ్వాలి, అంతే. ఆ మార్కులు మొత్తంలో కలవవు. ఎంపీసీ, బైపీసీ గ్రూపుల వాళ్లకు ఈఏపీసెట్, నీట్ తప్ప మరో ధ్యాస ఉండదు. అందుకని పరీక్షకు ముందు రోజు గైడు తిరగేసి, మూడు గంటలు కూర్చుని, అక్కడితో మరిచిపోతారు. ఈ నేరం పిల్లల మీద వేయడం అన్యాయం. మార్కు లేని చోట మనసు పెట్టే విధంగా మనం వాళ్లను పెంచలేదు.

సినిమాను పర్యావరణ పాఠానికి వాడుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఇచ్చిన తీర్పు ఒకసారి తీసి చదవాలి. థియేటర్లలో ప్రతి ఆటలోనూ పర్యావరణంపై కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా వేయాలంది. ప్రభుత్వం లఘుచిత్రాలు తీయించాలంది. ఆకాశవాణి, దూరదర్శన్ రోజూ కొన్ని నిమిషాలు కేటాయించాలంది. పాఠశాల నుంచి కళాశాల దాకా పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలంది. చదువునూ తెరనూ ఒకే తీర్పులో కలిపి చెప్పింది. మనం అందులో పరీక్షను ఉంచుకుని తెరను వదిలేశాం.

తెరకు ఎంత బలముందో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. మైక్ పాండే 2000లో గుజరాత్ తీరంలో తిమింగల సొరల వేట మీద 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' తీశారు. అది చూశాకే దేశంలో కదలిక వచ్చింది, 2001లో ఆ చేపను వన్యప్రాణి రక్షణ చట్టం కిందకు తెచ్చారు. ఆ జాతి సొర మన విశాఖ తీరంలోనూ తిరుగుతుంది.

అయితే బలమున్న వస్తువును జాగ్రత్తగా వాడాలి. అల్ గోర్ చిత్రం 'యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్'ను 2007లో ఇంగ్లాండులోని హైస్కూళ్లకు పంపాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయిస్తే, ఒక పాఠశాల పాలకవర్గ సభ్యుడు హైకోర్టుకెక్కాడు. వాతావరణ మార్పుపై చిత్రం చెప్పిన ప్రధాన విషయాలు సరైనవేనన్న న్యాయమూర్తి, తొమ్మిది చోట్ల శాస్త్రవేత్తల సాధారణ అభిప్రాయం కంటే ముందుకు పోయిందన్నారు. ఉపాధ్యాయులకు వివరణ పత్రం ఇచ్చి, దానితో కలిపి చూపమన్నారు. నా దృష్టిలో ఆ తీర్పు ఆ చిత్రానికి మేలే చేసింది. చూసినదాన్ని నిలదీయడం కూడా పాఠంలో భాగమని తేల్చింది. గట్టి సంగీతం, కూలుతున్న మంచుకొండలు, చివర్లో కన్నీళ్లు: ఇవి మాత్రమే చూసిన పిల్లవాడికి భయం మిగులుతుంది. ఆ భయంతో వాడేం చేయాలో ఎవరూ చెప్పరు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునే నమూనా తెలుగునేల మీదే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళా రైతులు కెమెరా పట్టారు. వారిలో చాలామందికి అక్షరం రాదు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీశ్ వాళ్లకు వీడియో నేర్పించారు. పైనుంచి కిందికి చూసే కోణాన్ని వాళ్లు పటేల్ షాట్ అన్నారు. కంటికి కన్ను సమంగా ఉండేది సంఘం షాట్. తమవాళ్లను తీసేటప్పుడు సంఘం షాటే వాడతామన్నారు. ఫిల్మ్ స్కూల్లో నెలల తరబడి చెప్పే సంగతి వాళ్ల బతుకులోంచి వచ్చింది. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల పొలాలకు సీజన్ పొడవునా మళ్లీ మళ్లీ వెళ్లి, విత్తనం నుంచి ఏరివేత దాకా తీశారు. ఆ చిత్రాలు చెప్పినదానితో అందరూ ఏకీభవించలేదు. కానీ ఒకే చేను దగ్గరకు పదేపదే వెళ్లడమన్న ఆ పద్ధతి ఏ కళాశాలకైనా పనికొస్తుంది.

ఆ పద్ధతిని కోనసీమకు తెచ్చి చూడండి. కొబ్బరి మట్ట ఒకటి కిందికి వంచి ఆకు అడుగున చూస్తే, సుడులు తిరిగిన తెల్లటి మైనం గీతల్లో గుడ్లు కనిపిస్తాయి. 2016లో దేశంలోకి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ అది. దాని జిగురు కింది ఆకుల మీద కారి, దానిపై నల్లటి మసి పడుతుంది. మందు కొడితే దోమను తినే పురుగులూ చస్తాయి. అందుకే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మిత్రపురుగులను, ఐసేరియా అనే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇస్తోంది. బైపీసీ విద్యార్థి పుస్తకంలో చదివిన ఆహార గొలుసు మొత్తం ఒక్క మట్ట మీద ఉంది. ఫోన్ చాలు, పది నిమిషాల చిత్రం తయారవుతుంది.

మురుగు కాలువల కథ ఇంకా బరువైనది. 2011లో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర ఒక కారణమైతే, పూడిన డ్రెయిన్లలో నీరు లాగక చేలు మునగడం మరొకటి. మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట సముద్రపు పోటు నీరు ఎగదన్ని తోటలకు తోటలు మోడులయ్యాయి. ఇక రొయ్యల చెరువులు. వరి మీద నష్టపోయిన రైతుకు చెరువు కౌలు ఊపిరి పోసింది, పక్క చేలోకి ఉప్పు ఊరడమూ నిజమే. ఒకే ఇంట్లో తండ్రి చేను కౌలుకిస్తాడు, తల్లి తాగునీటి టిన్ను కొంటుంది. సుస్థిరత అన్న మాట ఇక్కడ నినాదంగా చెప్పడం కుదరదు, లెక్క వేసి చూడాలి. అందుకే దీనిపై తీసే చిత్రంలో చెరువు రైతు, పక్క చేను రైతు, డ్రైనేజీ ఇంజనీరు ముగ్గురూ మాట్లాడాలి. ఒకరిని దోషిని చేసి ముగించే చిత్రం పిల్లలకు అబద్ధం నేర్పుతుంది.

పాశర్లపూడి, నగరం ఘటనలైతే మరింత జాగ్రత్త కోరతాయి. ఆ కుటుంబాల పిల్లలు తరగతిలో కూర్చుని ఉండొచ్చు. శవాల దృశ్యాలు అక్కర్లేదు. గ్యాస్‌లోని నీరు పైపును ఎలా తుప్పు పట్టిస్తుంది, గొట్టం పోయే దారిలో ఇల్లు కట్టుకున్నవాడికి ఏం చెప్పాలి, లీకయితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది చూపితే చాలు. అది రసాయనశాస్త్రం, పౌరశాస్త్రం కలిసిన పాఠం.

సౌకర్యాలు లేవనే సాకు పాతబడింది. నాడు–నేడు పథకం కింద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పెద్ద తెరలు వచ్చాయి. కొన్నిచోట్ల అదే ఆవరణలో ఇంటర్ తరగతులూ నడుస్తున్నాయి. లేనిది సమయం. ప్రైవేటు కార్పొరేట్ కళాశాలల్లో ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఇరవై నిమిషాల చిత్రం చూపి, మరో ముప్పై నిమిషాలు మాట్లాడించడానికి వారంలో ఒక్క గంట కూడా దొరకదా? తెలుగులో నాణ్యమైన చిత్రాలు తక్కువన్నది మాత్రం నిజమైన ఇబ్బంది. పాండే వంటి వారి చిత్రాలకు మంచి తెలుగు వ్యాఖ్యానం చెప్పించే పని ప్రభుత్వమే నెత్తిన వేసుకోవాలి.

ఇంటర్ బోర్డు చేయదగిన పని ఒకటుంది. అర్హత పరీక్షలో సగం మార్కులు రాతకు ఉంచి, మిగతా సగం విద్యార్థుల బృందం తమ ఊళ్లో తీసిన చిత్రానికి ఇవ్వొచ్చు. ఒకే చోటికి కనీసం మూడుసార్లు, వానల్లోనూ ఎండల్లోనూ వెళ్లి తీయాలన్న నిబంధన పెట్టొచ్చు. ఆ చిత్రాన్ని ముందు గ్రామసభలో వేసి, ఊరివాళ్ల అభ్యంతరాలు రాసుకుని, ఆ కాగితాన్నీ జతచేయమనొచ్చు. అప్పనపల్లి పిల్లలు కాజ్‌వే మీద వరద ఎంతవరకు వచ్చిందో ఏటా ఒకే చోట నిలబడి తీస్తే, ఐదేళ్లకు ఆ దృశ్యాలు జిల్లా విపత్తు నిర్వహణ అధికారులకే అవసరమవుతాయి.