మొదటి చుట్టు చప్పట్లు, రెండవ చుట్టు ఆయాసం

పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు మన పెద్దలు. పందెంలో నిలబడితే గెలుపు రాదు, నిజమే. కాని ఏ పాఠశాల క్రీడోత్సవంలోనైనా 800 మీటర్ల పందెం చూసినవారికి ఆ సామెతలోని సారం బోధపడుతుంది. తుపాకి పేలగానే పిల్లలంతా వంద మీటర్ల పందెంలో వలె దూసుకుపోతారు. చుట్టూ నిలిచిన పెద్దలు "ఉరుకు, ఉరుకు" అని కేకలు వేస్తారు. మొదటి చుట్టులో ముందున్నవాడికి చప్పట్లు. రెండవ చుట్టు సగానికి వచ్చేసరికి వాడే కాళ్లీడ్చుకుంటూ వెనకబడతాడు. "వీడికి దమ్ము లేదు" అని తీర్పు చెబుతారు. ఆ కుర్రవాడు మరుసటి ఏడు మైదానం వైపు రాడు.

లోపం వాడి దమ్ములో లేదు, దానిని ఖర్చు పెట్టిన తీరులో వున్నది. ఊపిరి అందించగలిగిన దానికంటె మించి పరుగెత్తడం అప్పు చేసి పప్పుకూడు తినడం వంటిది. ఆ బాకీ రెండవ చుట్టులో వడ్డీతో సహా తీర్చవలసి వస్తుంది. ఉదాహరణకు, 60 సెకన్లలో మొదటి చుట్టు, 80 సెకన్లలో రెండవది ముగించిన కుర్రవాడికి పట్టేది 2 నిమిషాల 20 సెకన్లు. అదే 68, 70గా పంచుకుంటే 2 నిమిషాల 18 సెకన్లే.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 మీటర్ల ఫైనల్‌లో మన శ్రీరామ్ సింగ్ మొదటి చుట్టును 50.85 సెకన్లలో ముగించి అందరికంటె ముందు నిలిచాడు. రెండవ చుట్టుకు దాదాపు 55 సెకన్లు పట్టింది. క్యూబా వీరుడు హువాంతొరేనా 1:43.50తో ప్రపంచ రికార్డు నెలకొల్పగా, శ్రీరామ్ 1:45.77తో ఏడవ స్థానం పొందాడు. ఆ సమయం 2018 వరకు 42 సంవత్సరాలు జాతీయ రికార్డుగా నిలిచింది. కనుక ఆయన సాహసాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. అయినా లెక్క లెక్కే. 2012 లండన్‌లో కెన్యాకు చెందిన రుడీషా ప్రపంచ రికార్డు 1:40.91 సాధించినప్పుడు మొదటి చుట్టు 49.28, రెండవది 51.63. మొదటిది కొంచెం వేగంగా వుండవచ్చు. తేడా మాత్రం హద్దు దాటరాదు.

ఈతలో ఈ నియమం మరింత కఠినం. వేగం పదో వంతు పెరిగితే నీటి ఎదురుదెబ్బ సుమారు ఐదో వంతు, ఖర్చయ్యే శక్తి మూడో వంతు పెరుగుతాయి. 400 మీటర్ల ఈతలో గట్టు మీది దూకుడు వల్ల మొదటి 50 మీటర్లు ఎలాగూ వేగంగా సాగుతాయి. ఆ తరువాత సమంగా ఈది, చివర మిగిలినదంతా వెచ్చించేవాడే మేలైన ఈతగాడు.

ఇంత చిన్న లెక్కలు మనకెందుకు అనేవారికి మన సికింద్రాబాద్ అమ్మాయే సమాధానం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగవ స్థానానికి వచ్చినవి 5708. ఆ ఏడు అంశాలలో చివరిది 800 మీటర్ల పరుగే! అందులో నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా కాదు. మొదటి చుట్టులో ఒక్క క్షణం తొందరపడితే పోయే కాలం అంతకంటె ఎక్కువే.

పిల్లలను ఆడుకోనివ్వండి, ఈ గణితమెందుకు అని కొందరనవచ్చు. ఆట నుంచి పిల్లలను తరిమేది గణితం కాదు, గెలవగలిగినవాడు అకారణంగా ఓడడం. జింఖానా మైదానమైనా, ఈతకొలనైనా, శిక్షకులు ఒక పని చేస్తే చాలు. ప్రతి చుట్టు కాలాన్ని బిగ్గరగా చెప్పాలి, కాగితం మీద రాసి పందెం ముగియగానే పిల్లల చేతికివ్వాలి. దీనికి కావలసినది ఒక స్టాప్‌వాచ్, ఒక పెన్సిలు. పోటీల నిర్వాహకులు కూడా ఫలితాల పట్టికలో చుట్టుల కాలాలు ప్రకటించాలి. తల్లిదండ్రులు మొదటి చుట్టు చప్పట్లు కాస్త దాచుకుని రెండవ చుట్టులో కొట్టాలి. వాటి అవసరం అప్పుడే ఎక్కువ.