డోపమైన్ చెప్పింది కొంత, శ్వేత పదార్థం చెప్పేది కొంత

స్కిజోఫ్రీనియాకు మూలం మెదడు రసాయనాల్లో ఉందా, మెదడు భాగాలను కలిపే తంతువుల్లో ఉందా? ఈ చర్చ ప్రయోగశాలలతో ఆగిపోదు. మందు మీద ఎంత ఆశ పెట్టుకోవాలో, ఎక్కడ ఓపిక పట్టాలో ఇంట్లోవాళ్ళకు తెలిసేది దీనివల్లే.

రసాయన వాదానికి బలం చికిత్స నుంచి వచ్చింది. 1952లో పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రొమజీన్ అనే మందు ఇచ్చి చూస్తే రోగుల ఉద్రేకం, భ్రమలు తగ్గాయి. 1970ల్లో ఫిలిప్ సీమన్, సాలమన్ స్నైడర్ బృందాలు విడివిడిగా ఒక సంగతి తేల్చాయి: ఒక మందు, మెదడు రసాయనమైన డోపమైన్‌ను అందుకునే డీ2 అనే గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ మోతాదులో పనిచేస్తుంది. 2000లో హాలోపెరిడాల్ అనే మందుపై వెలువడిన అధ్యయనం హద్దులు కూడా చూపింది. 65 శాతం గ్రాహకాలను మందు ఆక్రమించాక గుణం కనిపించే అవకాశం పెరిగింది. 78 శాతం దాటితే ఒళ్ళు బిగుసుకోవడం, వణుకు వంటి ఇబ్బందులు పెరిగాయి.

అయితే లేని గొంతులు వినబడటం తగ్గినా మందకొడితనం, ఏకాగ్రత లోపం చాలామందిలో అలాగే ఉంటాయి. దాదాపు మూడోవంతు మందికి మామూలు మందులు సరిపోవు. వాళ్ళలో ఎందరికో మేలు చేసే క్లోజపీన్ డీ2ని అంత గట్టిగా పట్టుకోదు. 2024 సెప్టెంబరులో అమెరికా ఆమోదించిన జానోమెలీన్–ట్రోస్పియం అనే మందు డీ2ని అసలు అడ్డుకోదు.

ఇక రెండో పక్షం, అంటే తంతువుల వాదం. శ్వేత పదార్థమంటే మైలిన్ అనే కొవ్వు పొర కప్పిన తంతువులు. ఆ పొర ఏర్పడటం ఇరవైల్లో కూడా సాగుతుంది. జబ్బు ఎక్కువగా బయటపడేదీ ఆ వయసులోనే. 2018లో ఎనిగ్మా అనే పరిశోధన బృందం అధ్యయనం 1,963 మంది రోగుల ఎంఆర్ఐలను 2,359 మంది ఆరోగ్యవంతుల వాటితో పోల్చింది. పరిశీలించిన 25 ప్రాంతాల్లో 20 చోట్ల తంతువుల క్రమం తగ్గినట్టు కనిపించింది. దానికి మందుల మోతాదుతో సంబంధం కనబడలేదు.

కానీ ఈ కొలత పరోక్షమైనది. మైలిన్ తగ్గినా, తంతువులు ఒకదాన్నొకటి దాటినా, స్కానింగ్‌లో తల కదిలినా అంకె మారుతుంది. బైపోలార్ జబ్బులోనూ ఇలాంటి తేడాలే ఉంటాయి. ఇవి గుంపుల సగటులు. ఒక్క మనిషి స్కాన్ చూసి జబ్బును నిర్ధారించలేం. శ్వేత పదార్థాన్ని సరిచేసి ఈ జబ్బును తగ్గించే మందూ ఇంకా లేదు.

నా దృష్టిలో ఇవి పోటీ వాదాలు కావు. మైలిన్‌ను తయారుచేసే కణాల మీద గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకాలున్నాయి. అంటే రసాయనాలకూ తంతువులకూ మధ్య గట్టి గోడ లేదు. నేటి చికిత్సకు మాత్రం ఆధారం రసాయనమే. కాబట్టి డాక్టరును అడగకుండా మందు మానకూడదు. శ్వేత పదార్థ పరిశోధన నేర్పేది మరొకటి: మెదడు తంతువుల్లోనే తేడా ఉండొచ్చు కాబట్టి, భ్రమలు పోయాక కూడా లేచి పని చేసుకోలేని మనిషిని సోమరి అని నిందించకూడదు. ఆ లక్షణాలూ జబ్బులో భాగమే. వాటికి మందుతో పాటు శిక్షణ, చేయదగిన పని, ఇంట్లోవాళ్ళ తోడు కూడా చికిత్సే.