నిమ్మ మొక్క బాల్యం

ఫలవృక్షాన్ని నాటేవారికి సహనమే మొదటి పెట్టుబడి. నిమ్మ, బత్తాయి గింజలను మొలకెత్తించి పెంచేవారికి ఈ మాట మరింతగా వర్తిస్తుంది. మనుషులకు వలెనే గింజ మొక్కకూ బాల్యదశ ఉంది. ఆ దశలో అది ముళ్లతో ఏపుగా పెరుగుతుందే గాని పూయదు. ఈ దశ దాటడానికి నిమ్మకు సుమారు 4, 5 సంవత్సరాలు పడుతుంది. బత్తాయికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. అంటు మొక్క ఇంతకంటె ముందే కాపుకు వస్తుంది. అంటుకట్టిన కన్ను అప్పటికే కాస్తున్న చెట్టుది కావడమే దానికి కారణం.

అంతమాత్రాన గింజ మొక్కను చులకన చేయరాదు. నిమ్మ, బత్తాయిలలో ఒకే గింజ నుండి రెండు మూడు మొలకలు రావడం కద్దు. వాటిలో అధికభాగం పరాగంతో నిమిత్తం లేకుండా తల్లిచెట్టు కణజాలం నుండే పుట్టి, తల్లి గుణాలను యథాతథంగా నిలుపుకొంటాయి. పంపరపనసకు ఈ లక్షణం లేదు. అంతేకాదు, తల్లిచెట్టుకు సోకిన ట్రిస్టిజా వైరస్ అంటుకన్ను వెంట కొత్త మొక్కకు సంక్రమిస్తుంది. గింజ వెంట సంక్రమించదు. అందుచేత, త్వరగా కాస్తుందన్న ఒక్క ఆశతో, తల్లిచెట్టు ఆరోగ్యం విచారించకుండా అంట్లు కొనే రైతు తన తోటలోనికి తానే తెగులును ఆహ్వానించినవాడవుతాడు.

గింజ మొక్కను త్వరగా పూయించాలనే తొందరలో కొందరు మరొక పొరపాటు చేస్తారు. కాపు చెట్లకు కొంతకాలం నీరు ఆపి, బెట్టకు గురిచేసి, పిమ్మట ఎరువు వేసి నీరు పెడితే పూత విరివిగా వస్తుంది. బత్తాయి రైతులకు ఇది అనుభవంలో ఉన్న పద్ధతే. దీనినే లేత మొక్కకు ప్రయోగిస్తే ఫలితం విపరీతమవుతుంది. ఎదిగిన చెట్టుకు బెట్ట విశ్రాంతినిస్తుంది. ఎదగవలసిన మొక్కను అది ఆకలికి గురిచేస్తుంది. ఎదుగుదల ఆగిన కొద్దీ బాల్యం దీర్ఘమవుతుంది. మాటిమాటికి కొనలు కత్తిరించినా జరిగేది ఇదే. నీరు నిలవని నేల, నిండైన ఎండ, వేళకు తగిన నీరు, ఎరువు కల్పించి, పెరుగుదలకు అంతరాయం కలుగకుండా చూడడమే త్వరగా పూత తెప్పించే సరైన మార్గం. చిన్నతనంలోనే పూత కనిపించినా, మొక్క బలపడేవరకు దానిని తుంచివేయడమే మేలు.

బాల్యాన్ని హరించి ఫలాన్ని ఆశించడం వివేకం కాదు. పోషించినవారికే చెట్టు తొందరగా ఫలిస్తుంది. పీడించినవారికి ఆలస్యమే మిగులుతుంది.